కామాక్క స్వవివరాలు

ఆ వీధిలో ఆమె అసలు పేరు తెలిసినవాళ్లు తక్కువ. ప్రెస్సులో పెట్టిన పేరే ఇంటిదాకా వచ్చి స్థిరపడిపోయింది. కామాక్క. ఒకసారి ఒక రచయిత, తన పుస్తకంలో ఆమె కొట్టేసిన కామాను మళ్లీ పెట్టించుకోవడానికి స్వయంగా ప్రెస్సుకు వచ్చి కూర్చున్నాడు. ఆమె పెట్టనంది. మధ్యాహ్నం మొదలైన వాదన షట్టరు దించే వేళదాకా సాగింది. చివరికి ఆయనే విసుగొచ్చి లేచి, "సరే, ఆ కామా మీరే ఉంచుకోండక్కా" అని చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. మర్నాటినుంచి బైండింగు వాళ్లు, మిషను దగ్గరవాళ్లు అందరూ కామాక్క అనే పిలిచారు. ఆమెకు కోపం రాలేదు. పేరులో దీర్ఘాలు సరిగ్గా పలుకుతున్నారు, అంతే చాలు అనుకుంది.

ఆమె పని ప్రూఫులు దిద్దడం. ప్రెస్సు వెనక గదిలో, మెట్ల కింద ఇమిడిన బల్ల ఆమెది. తడి ఆరని కాగితం వాసన, గోడ అవతల మిషను చప్పుడు, నెత్తిమీద సన్నగా మూలిగే ట్యూబులైటు. ఎదురుగా ఒక పెద్దాయన కూర్చుని మూలప్రతిని పైకి చదివేవాడు. "కామా, ఫుల్‌స్టాపు, కొత్త పేరా" అంటూ ఆయన చదువుతూ పోతే, ఆమె ఎర్రపెన్నుతో ప్రూఫు మీద వెంబడించేది. లెక్కల పుస్తకాలు, ప్రయాణాల పుస్తకాలు, పిల్లల కథలు, వైద్యం, వడ్రంగం, ఆమె కంటి కిందనుంచి పోని విషయం లేదు. ఆ గదిలోనే జుట్టు నెరిసింది, కళ్లజోడు మందమైంది.

ఈ పనితో వచ్చిన తంటా ఏమిటంటే, ఇంటికొచ్చాక కూడా కళ్లు ఊరుకోవు. మందుసీసా మీద చీటీ, కరెంటు బిల్లు వెనక హెచ్చరిక, బస్సు వెనక ప్రకటన, దేన్నీ మామూలుగా చదవలేదు. భర్త డ్రైవింగు నేర్పించే మాస్టారు. ఆయన తన స్కూలుకు కొత్త బోర్డు రాయించి మురిసిపోతూ చూపిస్తే, "భద్రతలో ఆ ఒత్తు ఎక్కడ పెట్టించారో చూసుకున్నారా?" అంది. ఆయన చూసుకోలేదు. బోర్డు దించి మళ్లీ రాయించేదాకా ఆమె ఆ వీధి వైపు వెళ్లలేదు.

అలాంటి మనిషిని ఒకరోజు ప్రెస్సు యజమాని అల్లుడు పిలిచి కుర్చీ చూపించాడు. మామగారు మంచాన పడ్డాక వ్యవహారమంతా అతని చేతికొచ్చింది. కంప్యూటరులో ఏదో కొత్త సాఫ్ట్‌వేరు పెట్టించాడు.

"ఇకనుంచి తప్పులన్నీ అదే చూసుకుంటుందమ్మా. మీరు ఇంట్లో హాయిగా రెస్టు తీసుకోండి" అన్నాడు.

"నేనెప్పుడైనా రెస్టు కావాలని అడిగానా?" అంది కామాక్క.

అతను నవ్వాడు. ఆ నవ్వుకే ఆమెకు ఒళ్లు మండింది. పొమ్మనడమైనా సూటిగా అనొచ్చుగా! పెన్నులు, కళ్లజోడు పెట్టె, మోకాళ్ల మీద కప్పుకునే పాత శాలువా సంచిలో సర్దుకుని బయటికొచ్చింది. పెద్దాయన గేటుదాకా ఆ సంచి మోసుకొచ్చి ఇచ్చి వెనుదిరిగాడు. ఆమెకు ఏడుపు రాలేదు. ఇల్లు చేరేవరకు, ఆ అల్లుడికి ఇవ్వాల్సిన సమాధానాలన్నీ ఒకదాని తర్వాత ఒకటి తడుతూనే ఉన్నాయి.

ఇంట్లో కూర్చోవడం ఆమె వల్ల కాలేదు. వారం తిరక్కుండానే బీరువాలో చీరలు రంగుల వారీగా, ఆ తర్వాత నేత వారీగా సర్దింది. భర్త ఏం మాట్లాడినా వాక్యం సగంలో సరిదిద్దింది. ఆయన భోజనం దగ్గర నోరు తెరవడం మానేశాడు.

"అమ్మా, ఇంకో చోట పనికి అప్లై చెయ్యి. మమ్మల్ని దిద్దడం ఆపు" అంది కూతురు. ఆ పిల్ల ఒక కంపెనీలో ఉద్యోగాలకు వచ్చే దరఖాస్తులు వడకట్టే విభాగంలో పనిచేస్తోంది. "ఒక రెజ్యూమే రాసుకో. పబ్లిషర్లకి పంపుదాం."

కామాక్క జీవితంలో రెజ్యూమే రాసుకోలేదు. ప్రెస్సులో చేరేటప్పుడు పెద్ద యజమాని ఒక పేజీ ఇచ్చి దిద్దమన్నాడు, దిద్దింది, రేపట్నుంచి రమ్మన్నాడు. అంతే. ఇప్పుడు తెల్లకాగితాలు ముందేసుకుని, నేను ఫలానా అని మొదలుపెట్టాల్సి వచ్చేసరికి చెయ్యి సాగలేదు. మొండిగా కూర్చుని మొత్తానికి రాసింది. బడిలో ఎవరు అక్షరాలు దిద్దించారో అక్కడ్నుంచి ఎత్తుకుని, పెద్దాయన గొంతు ఎలా ఉండేదో దాకా వచ్చింది. కాగితాలు ఒక కట్ట అయ్యాయి.

కూతురు చదివి తల పట్టుకుంది.

"ఇది ఆత్మకథమ్మా. రెజ్యూమే కాదు."

"ఒక్క తప్పుందా చూపించు."

"తప్పుల్లేవు. కానీ చదివేవాడేడీ? మా ఆఫీసులో ఒక్కో కాగితం మీద కన్ను పడి లేచేంతసేపే చూస్తాం. రెండు పేజీలు దాటితే పక్కన పడేస్తాం. నువ్వేం పుస్తకాలు దిద్దావు, ఎలాంటివి దిద్దావు, కంప్యూటరు మీద దిద్దగలవా, అవి ముందు కనపడాలి. బడి సంగతి ఎవడిక్కావాలి?"

"మరి శ్రద్ధగా పనిచేస్తానని రాయొద్దా?"

"అందరూ రాస్తారు. తప్పులతో సహా. శ్రద్ధ ఉందని చెప్పకు, కాగితంలో కనపడనీ."

మాట సబబుగానే ఉంది. కానీ తను ఉయ్యాల ఊపిన పిల్ల తనకు చెప్పడమేమిటని కామాక్కకు లోపల చిర్రెత్తింది. పట్టుబట్టి రెండు పేజీలకు కుదించింది. ఒక్కో వాక్యం కొట్టేస్తుంటే తన వేలు తానే కోసుకున్నట్టయింది.

అక్కడితో అయిపోతే బాగుండేది. భర్త కల్పించుకున్నాడు.

"టైపు చేయించడానికి మా తమ్ముడున్నాడుగా! వాడి షాపులో రోజూ ఇలాంటివి పదులకొద్దీ చేస్తాడు. డబ్బులు కూడా తీసుకోడు."

మరిది షాపు మెయిన్‌రోడ్డు మలుపులో ఉంది. జిరాక్సు, లామినేషను, పాసుపోర్టు ఫొటోలు, దరఖాస్తులు. ఇద్దరు నిలబడితే మూడో మనిషి వీధిలో ఉండాలి. అతను మంచివాడు, ఎవరికీ లేదనడు. ఆ మంచితనమే కొంప ముంచుతుందని కామాక్కకు పెళ్లయిన కొత్తలోనే తెలుసు. అయినా భర్త మొహం చూసి కాగితాలు ఇచ్చింది.

మర్నాడు మరిది నవ్వుతూ ఇంటికొచ్చి ప్రింటు చేతిలో పెట్టాడు. "చూడు వదినా, ఎలా మెరిసిపోతోందో!"

చుట్టూ ఊదారంగు ద్రాక్షతీగ అంచు. పైన ఆమె ఫొటో, ఏదో పెళ్లిలో తీసింది, పక్కావిడ భుజం సగం కనబడుతోంది. తను రాసిచ్చిన దాంట్లో నాలుగు ముక్కలు ఉన్నాయి. మిగతాదంతా ఎవరిదో.

"ఇదేంటి? సవాళ్లను స్వీకరిస్తూ సంస్థ అభ్యున్నతికి పాటుపడటమే నా జీవిత ధ్యేయం? నేనెప్పుడన్నాను?"

"అది అందరికీ ఉంటుంది వదినా. మోడల్లోనే ఉంటుంది."

"అభిరుచులు, ఈత, క్రికెట్?"

"అదీ మోడలే."

ఆమె కళ్లజోడు సర్దుకుని కిందికి వచ్చింది. వైవాహిక స్థితి దగ్గర 'అవివాహితుడు' అని ఉంది. పక్కన కూర్చుని తొంగిచూస్తున్న భర్త గతుక్కుమన్నాడు.

"ఒరేయ్, మరి నేనెవర్నిరా?"

"అబ్బా, మొన్న ఒక కుర్రాడికి చేసిందన్నయ్యా, అది మార్చడం మర్చిపోయాను" అన్నాడు మరిది చల్లగా.

కానీ అసలు దెబ్బ ఆ తర్వాతి గీతలో తగిలింది. 'ఫ్రూఫ్ రీడింగ్‌లో సుధీర్గ అనుభవం. అప్పగించిన భాద్యతలను శ్రద్దతో నిర్వర్తిస్తాను.' కామాక్క ఆ గీతను రెండుసార్లు చదివింది. ఎవరో చెంప మీద కొట్టినట్టు మొహం ఎర్రబడింది. ప్రూఫులు దిద్దే మనిషి ప్రూఫు అన్న మాటే తప్పు రాసి ఉద్యోగం అడగడమా!

"వదినా, అంత సూక్ష్మంగా ఎవరు చూస్తారు?"

"చూసేవాళ్లకేరా పంపేది! వాళ్ల ఉద్యోగమే అది!"

నోటితో చెబితే ఇతనికి ఎక్కదని కూతురు ఒక ఉపాయం చెప్పింది. ఫైలు తెరిచి, తప్పున్న మాటను పట్టుకుంటే, పక్కన అంచులో చిన్న డబ్బా తెరుచుకుంటుంది. అందులో ఏం మార్చాలో రాస్తే బాబాయి అక్కడ చూసుకుని మారుస్తాడు. కామాక్కకు ఆ డబ్బాలు తెగ నచ్చాయి. ఎర్రపెన్నుకు ఇంత చోటు ఎప్పుడూ దొరకలేదు. కూతురి లాప్‌టాపు ముందు కూర్చుని, ఒక వేలితో టిక్కుటిక్కుమంటూ, ఉన్న చిరాకంతా ఆ డబ్బాల్లో పోసింది.

'ఫ్రూఫ్ కాదు, ప్రూఫ్. నోట్లో గాలి ఎక్కువైతే కిటికీ తెరుచుకో.'

'బాధ్యత. ధకి ఉండాల్సిన ఒత్తు బాకి ఎందుకు పోయింది? చుట్టంచూపుగా వెళ్లిందా? వెనక్కి పిలు.'

'శ్రద్ధ. ఈ మాటనే అశ్రద్ధగా రాసిన ఘనత నీదే.'

'ఈత రాదు. నీళ్లంటే భయం. తీసెయ్.'

'అవివాహితుడిని కాను. పెళ్లయి పాతికేళ్లు దాటింది. కావాలంటే మీ అన్నను అడుగు, ఎదురుగానే కూర్చుని గుర్రుపెడుతున్నాడు.'

'ఈ ద్రాక్షలు ఎందుకు? నేను పండ్ల కొట్టుకి దరఖాస్తు పెట్టడం లేదు.'

అతను కొన్ని దిద్దాడు, కొన్ని కొత్తవి చేర్చాడు. ఫైలు అటు వెళ్లింది, ఇటు వచ్చింది. ప్రెస్సులో చేరిన సంవత్సరం ఒకచోట ఒకటి, ఇంకోచోట ఇంకోటి పడితే, 'నేను పుట్టకముందే ఉద్యోగంలో చేరినట్టుంది, అదృష్టవంతురాలిని' అని రాసింది. ఫోను నంబరులో ఒక అంకె ఎగిరిపోతే, 'ఇది ఎవరి నంబరు? వాళ్లకైనా ఉద్యోగం రానీ' అని రాసింది. ఇలా ఎన్నో విడతలయ్యాక ఎట్టకేలకు ద్రాక్షతీగ రాలిపోయి, పెళ్లి ఫొటో పోయి, రెండు తెల్లటి పేజీలు మిగిలాయి. ఆమె వాటిని ప్రింటు తీయించి, స్కేలు పెట్టి ఒక్కో గీతే కనబడేలా, చివరినుంచి మొదటికి చదివింది. అలా చదివితే అర్థం దారి తప్పించదు, కంటికి అక్షరాలే మిగులుతాయి. ఏ తప్పూ దొరకలేదు.

ఏ సంస్థకు పంపుతున్నామో దాని పుస్తకాలు ఒకటి రెండు లైబ్రరీలో చూసి వచ్చి, ప్రతి ఒక్కరికీ వేర్వేరుగా పరిచయం రాసింది. అందరికీ ఒకే ముక్క పంపడం ఆమెకు ఎంగిలి విస్తరి వడ్డించినట్టనిపించింది. మరిది షాపులో అన్నీ జతచేసి మెయిలులో పంపాడు. "అయిపోయింది వదినా, ఇక స్వీట్లే" అన్నాడు.

ఎవరూ పలకలేదు.

మొదట్లో ఫోను చేతిలోనే పెట్టుకు తిరిగింది. తర్వాత ఫోను పాడైందేమోనని కూతురి చేత చేయించి చూసింది. మోగింది. భర్త సాయంత్రాలు చెప్పులు విప్పుతూనే "ఏమన్నా వచ్చిందా?" అని అడిగేవాడు. "వస్తే దాచుకుంటానా?" అనేది. మర్నాడు మళ్లీ అడిగేవాడు. ఆ అడగడం ఆయన ప్రేమే అని తెలిసినా, ఆ చెప్పులు తీసుకుని వీధిలోకి విసిరేయాలనిపించేది.

ఇక లాభం లేదని ఒక ఉదయం తనే ఒక ప్రచురణ సంస్థకు ఫోను చేసింది. ఎవరో కుర్ర గొంతు ఎత్తింది. తన పేరు, పంపిన సంగతి చెప్పింది. అవతలనుంచి నవ్వు ఆపుకుంటున్న చప్పుడు.

"ఆ... మీరేనా అండీ, ఈత రాని మేడమ్?"

"ఏంటండీ?"

"సారీ అండీ. మీకు నీళ్లంటే భయం కదా... మా అందరికీ తెలుసు. మీవారు లేచారా?"

కామాక్క ఫోను పెట్టేసింది. చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా మెయిన్‌రోడ్డు మలుపుకు నడిచింది. షాపులో లామినేషను కోసం నిలబడ్డవాళ్లను పక్కకు జరిపి లోపలికి దూరింది.

"పంపినవి తెరువు."

మరిది తెరిచాడు. పంపిన ప్రతి మెయిలులోనూ ద్రాక్షతీగ నవనవలాడుతోంది. అంచు నిండా ఆమె డబ్బాలు. చుట్టాలు, కిటికీలు, గుర్రు, పండ్ల కొట్టు. దొంగలా దాచుకోవాల్సిన విసుగంతా తనకు అన్నం పెట్టాల్సిన ఆఫీసులన్నింటికీ పోయి కూర్చుంది.

"రెండు ఫైళ్లున్నాయి వదినా" అన్నాడు అతను, గొంతు సన్నగా. "ఒకటి 'వదిన ఫైనల్'. ఇంకోటి 'వదిన ఫైనల్ ఫైనల్'. రెండోది పంపాలి. మొదటిది పోయింది."

"పేర్లు పెట్టడానికి నీకు ఇంకో మాటే దొరకలేదురా? నా పేరు పెట్టొచ్చుగా!"

"అసలు పేరు నాక్కూడా గబుక్కున గుర్తు రాలేదు వదినా."

జిరాక్సు కోసం వచ్చినవాళ్లు నవ్వారు. ఆమె స్టూలు మీద కూలబడింది. అతని మీద అరవడానికి మాటలు గొంతుదాకా వచ్చాయి. కానీ వాటితోపాటు ఇంకో మాట కూడా వచ్చి అడ్డు నిలబడింది. అచ్చుకు పోయేముందు చివరి ప్రతిని కళ్లారా చూడకుండా ఏనాడైనా బల్ల వదిలిందా తను? పంపే ముందు ఒక్కసారి ఫైలు తెరవమంటే సరిపోయేది. అనలేదు. తప్పు పంచుకోవాల్సి రావడం ఆమెకు మరీ చిరాకనిపించింది. అచ్చంగా వాడిదే అయ్యుంటే తనివితీరా తిట్టి ఉండేది.

ఆ వారంలోనే ఫోను మోగింది. ఇళ్లకు, బళ్లకు పనికొచ్చే చిన్న చిన్న పుస్తకాలు వేసే సంస్థ. మాట్లాడింది అక్కడి సంపాదకురాలు. "మీరొకసారి రాగలరా?" అనడిగింది. నవ్వడానికి పిలుస్తున్నారేమో అని కామాక్కకు అనుమానం. వెళ్లనని మొండికేసింది. "నవ్వితే నవ్వనీ. చేతిలో పేజీ పెట్టాక ఎవరు నవ్వుతారో చూద్దాం" అంది కూతురు. ఆ మాట పనిచేసింది.

ఆఫీసు ఒక పాత మేడ మీద. మెట్లపొడవునా పుస్తకాల కట్టలు, మధ్యలో ఒక్క పాదం పట్టే దారి. సంపాదకురాలిది తన ఈడే. చెవి వెనక పెన్సిలు, జుట్టులో ఇంకో పెన్సిలు, బల్ల మీద వెతుకుతున్నది మూడోదాని కోసం. ఆమె ముందు ద్రాక్షతీగ కాగితం రంగుల్లో ప్రింటు తీసి ఉంది.

"మీ పక్క నోట్సు మా ఆఫీసంతా చదివిందండీ. మా అకౌంటెంటు దాన్ని ఇంటికి కూడా పట్టుకెళ్లాడు."

"అది పొరపాటున వచ్చింది మేడమ్" అంది కామాక్క, పళ్ల బిగువున. సంచిలోంచి తెల్ల పేజీలు తీసి ముందు పెట్టింది. "ఇదీ పంపాల్సింది."

సంపాదకురాలు పక్కనున్న దరఖాస్తుల కట్ట మీద చెయ్యేసింది. "ఇవన్నీ ప్రూఫ్ రీడర్లవే. ఒకాయన ఇంకో కంపెనీ పేరు రాసి మా కంపెనీలో చేరడం తన కల అన్నాడు. ఒకావిడ తొమ్మిది పేజీలు పంపింది, చేసిన పని ఎక్కడా లేదు. ఒకబ్బాయి అక్షరదోషాలు తన కంటినుంచి తప్పించుకోలేవన్నాడు, ఆ వాక్యంలోనే నాలుగున్నాయి. మీ కాగితంలోనూ తప్పులు కుప్పలున్నాయి. కానీ ప్రతి తప్పు పక్కనా మీరు కాపలా నిలబడ్డారు. అందుకే పిలిచాను."

కామాక్క కాస్త సర్దుకుని కూర్చుంది.

"ఇప్పుడు మీ మంచి ప్రతి చదవండి. పైనుంచి."

"స్వవివరాలు" అంది కామాక్క.

"చూసి చదవండి. ఒక్కో అక్షరం."

ఆమె కాగితం దగ్గరకు జరుపుకుంది. లావుపాటి అక్షరాలు, పేజీకంతటికీ పెద్దవి. స్వ. వి. రా. లు. మధ్యలో ఉండాల్సిన వ లేదు. ద్రాక్షతీగ కాగితంలోనూ లేదు. అన్ని విడతల్లో, అన్ని డబ్బాల్లో, స్కేలు పెట్టి కిందినుంచి పైకి చదివినప్పుడు కూడా, నెత్తిన కూర్చున్న ఆ మాటను ఆమె ఒక్కసారీ చూడలేదు. చదివాననుకుంది, అంతే. పెద్ద అక్షరాల్లోనే పెద్ద తప్పులు దాక్కుంటాయని ప్రెస్సులో వాళ్లకు ఎన్నిసార్లు చెప్పిందో!

కాగితం తీసుకుని లేచి వెళ్లిపోదామనుకుంది.

"కూర్చోండి" అంది సంపాదకురాలు. "దాన్ని నేనూ మూడోసారికి గానీ పట్టుకోలేదు. ఎవరి కాగితాన్ని వాళ్లే దిద్దుకుంటే ఇలాగే అవుతుంది. ఇంకో మనిషికి చూపించారా?"

"ఇంకో మనిషికి చూపిస్తేనే ద్రాక్షలు వచ్చాయి మేడమ్."

సంపాదకురాలు నవ్వింది. ఈసారి కామాక్కకు ఒళ్లు మండలేదు.

ఒక పేజీ ఇచ్చారు. కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుని దిద్దింది. సంపాదకురాలు తీసుకుని చూసి, చెవి వెనక పెన్సిలుతో ఒకచోట మాత్రం గీసి, బాగుందంది. వారానికి మూడు రోజులు, కొన్నాళ్లు చూశాక మిగతా సంగతి.

"మూడు రోజులేనా?"

"మిగతా రోజులు మీ మరిదిని దిద్దుకోండి. ఇంకొక్క మాట. ఆయనకు రాసినట్టు మా రచయితలకు రాస్తే మేం దుకాణం మూసుకోవాలి. ఇక్కడ డబ్బాల్లో మర్యాద ఉండాలి."

"అలాగేనండి" అంది కామాక్క. ఆ మాట గొంతు దాటడానికి కొంచెం కష్టపడింది.

ఇంటికొచ్చేసరికి వార్త ఆమె కంటే ముందు చేరింది. మెట్లు దిగుతూ ఆమె ఫోనులో కూతురికి చెబితే, కూతురు తండ్రికి చెప్పింది, తండ్రి వీధికి. మరిది స్వీటు పెట్టెతో సిద్ధంగా నిలబడ్డాడు.

"చూశావా వదినా, నేను కరెక్టు ఫైలు పంపి ఉంటే నీకు పని వచ్చేదే కాదు!"

ఆమె అతనివైపు చూసింది. అందులో ఉన్న నిజం మింగుడుపడలేదు, కాదనడానికి తోవ కనబడలేదు. స్వీటు ఒకటి తీసుకుని నోట్లో వేసుకుంది, మాట్లాడాల్సిన అవసరం లేకుండా.

చేరిన కొత్తలో ఆమెకు ఇచ్చింది ఇంటి తోటల మీద ఒక చిన్న పుస్తకం. రాసింది రైల్వేలో పనిచేసి రిటైరైన ఒక పెద్దమనిషి. తప్పులు పెద్దగా లేవు. కానీ ప్రతి వాక్యం చివరా ఆశ్చర్యార్థకమే. కుండీలో మట్టి నింపాలి! పొద్దున్నే నీళ్లు పోయాలి! ఎండుటాకులు తీసేయాలి! రెండో అధ్యాయానికి వచ్చేసరికి ఎవరో చెవి దగ్గర నిలబడి అరుస్తున్నట్టు ఆమెకు తలనొప్పి పట్టుకుంది. పక్క డబ్బా తెరిచింది. 'మట్టి నింపడంలో అంత ఆశ్చర్యపోయేది ఏముంది' అని రాసింది. చదువుకుంది. చెరిపేసింది. 'దయచేసి పరిశీలించగలరు' అని రాసింది. వేళ్లు నొప్పెట్టాయి.

రచయిత జవాబు మర్నాడే వచ్చింది. 'అది నా శైలి! అలాగే ఉంచండి!'

కామాక్క లేచి కిటికీ దగ్గరికి వెళ్లి, కింద రోడ్డు మీద వెళ్లేవాళ్లను కాసేపు చూసి వచ్చింది. తర్వాత ఫోను తీసుకుని ఆయనకు చేసింది. తిట్టలేదు. మొదటి పేజీ ఆయనకే చదివి వినిపించింది, ప్రతి గుర్తు దగ్గరా గొంతు పెంచుతూ. ఆఫీసులో అందరూ తలలు ఎత్తారు. పేజీ సగంలో ఉండగానే అవతలాయన ఆపమన్నాడు.

"అబ్బ, నేనిలా అరుస్తున్నానా తల్లీ? మా ఆవిడ అంటూనే ఉంటుంది, నమ్మలేదు."

"అయితే తీసేయమంటారా?"

"తీసేయండి. అన్నీ తీసేయండి." కాస్త ఆగాడు. "గులాబీల దగ్గర మాత్రం ఉంచండమ్మా. అవి నిజంగానే పూశాయి."

కామాక్క నోరు తెరిచింది. నియమం అంటే అన్ని అధ్యాయాలకీ ఒకటే ఉండాలని చెప్పడానికి కావాల్సిన మాటలన్నీ సిద్ధంగా ఉన్నాయి. ఒక్క నిట్టూర్పు విడిచి, పేజీలు తిప్పుకుంటూ గులాబీల అధ్యాయం దాకా వెళ్లింది.

"ఒక్క దానికి ఉంచుతానండి. మీరే ఎంచుకోండి" అంది.